మెడకు టేపు పెట్టి కొన్న ముత్యాలు: పత్తర్‌గట్టీలో ఒక పాత దుకాణం

హనుమకొండలో నాకు బ్లౌజులు కుట్టే షాపు ఉంది. 22 ఏళ్ళుగా ఇదే పని. పోయిన ఏడాది నుంచి పెళ్ళి బ్లౌజులతో పాటు నగల సెట్లు కూడా అద్దెకిస్తున్నాను. మిగతావన్నీ వన్ గ్రామ్ గోల్డ్‌వే అయినా, ముత్యాలు మాత్రం అసలువే ఉండాలని నా పట్టుదల. ప్లాస్టిక్ ముత్యానికి నాలుగు పెళ్ళిళ్ళు తిరిగేసరికి పై పొర లేచి లోపలి పూస బయటపడుతుంది. దాన్ని తీసుకెళ్ళి ఇంకో పెళ్ళికూతురి మెడలో వెయ్యడానికి నాకు మనసొప్పదు. అందుకే మాఘమాసం ముహూర్తాలకు ముందు హైదరాబాద్ వెళ్ళి, పత్తర్‌గట్టీలో ఒక పాత దుకాణంలో ఆరు ముత్యాల దండలు గుచ్చించుకొచ్చాను. ఆ దుకాణం ఎలా ఉందో, ఏ పొడవు ఎందుకు తీసుకున్నానో రాస్తున్నాను. ముత్యాలు కొనేటప్పుడు అందరూ మెరుపు చూస్తారు, గుండ్రం చూస్తారు, ధర చూస్తారు. పొడవు దగ్గరికి వచ్చేసరికి "ఎంతుంటే అంత ఇవ్వండి" అంటారు. తీరా మెడలో వేసుకున్నాక ఇబ్బంది పెట్టేది ఆ పొడవే.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, రెండేళ్ళ కిందట ఒక అమ్మాయికి పెళ్ళి బ్లౌజు కుట్టాను. ముందు మెడ లోతు 7 అంగుళాలు, అంచు చుట్టూ జర్దోసీ మగ్గం పని. ఆ అమ్మాయి ఆన్‌లైన్‌లో ముత్యాల దండ తెప్పించుకుంది. ఫొటోలో ఉన్న మోడల్‌కి అది గొంతు కింది ఎముకల దగ్గరే ఉంది. ఈ పిల్లకేమో సరిగ్గా జర్దోసీ అంచు మీదికి వచ్చి కూర్చుంది. దండ పొడవు 22 అంగుళాలని ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉందని తర్వాత చూశాం. తలంబ్రాల వేళకి జర్దోసీ తీగ ముత్యాల మధ్య ఇరుక్కుని పైకి లేచిపోయింది. నేను ఆ పెళ్ళిలో ఉన్నాను. పిన్ను పెట్టి సర్దాను కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెడ లోతు అడిగాను, చేతుల పొడవు అడిగాను, "మెడలో ఏం వేసుకుంటావమ్మా" అని మాత్రం అడగలేదు. ఇప్పుడు నా కొలతల పుస్తకంలో ఆ గడి కూడా గీసుకున్నాను.

ఈసారి దుకాణానికి వెళ్ళకముందే లెక్క తేల్చుకోవాలనుకున్నాను. రెండు నెలలపాటు షాపుకి వచ్చిన వాళ్ళలో ఒప్పుకున్న వాళ్ళందరికీ మెడ చుట్టుకొలత తీశాను. మొత్తం 40 మంది. 31 మందికి 13 నుంచి 14న్నర అంగుళాల మధ్య వచ్చింది. ఆరుగురికి 15 దాటింది. ముగ్గురు సన్నటి పిల్లలకి 12న్నరే. తర్వాత పురికొసను 16, 18, 20, 22, 24, 28, 32 అంగుళాలకు కత్తిరించి, ఒక్కో ముక్క చివర్లు ముడేసి మెడలో వేసి చూశాను. మేం మెడ లోతును భుజం మీది నుంచి కిందికి కొలుస్తాం కదా, అదే పద్ధతిలో ఆ పురికొస ఎంత కిందికి దిగిందో కొలిచాను. నా మెడ 13న్నర. నాకు 16 అంగుళాల ముక్క మూడున్నర దగ్గర ఆగింది. 18ది నాలుగున్నర. 22ది ఆరున్నర. 24ది ఏడున్నర. 32ది పదకొండున్నర.

అంటే దండ పొడవు 2 అంగుళాలు పెంచితే కిందికి దిగేది 1 అంగుళమే. దండ రెండు వైపుల నుంచీ దిగుతుంది కాబట్టి పెంచిన పొడవు రెండుగా పంచుకుపోతుంది. ఇది తెలియక చాలామంది "ఒక్క అంగుళం కిందికి రావాలి" అని చెప్పి ఒక్క అంగుళమే పెంచమంటారు. ఇంటికి వెళ్ళి చూసుకుంటే అర అంగుళమే దిగి ఉంటుంది. మళ్ళీ గుచ్చించాలి.

ఇక నా బ్లౌజుల వైపు నుంచి చూడండి. పెళ్ళి బ్లౌజుల్లో నేను ఎక్కువగా కుట్టేది ఆరున్నర, ఏడు అంగుళాల లోతున్న మెడలు. వాటికి 22 అంగుళాల దండ వేస్తే సరిగ్గా అంచు మీదే పడుతుంది. ఆ పెళ్ళిలో జరిగింది ఇదే. అదే బ్లౌజుకి 18 వేస్తే అంచుకి రెండంగుళాల పైన, ఒంటి మీద ఖాళీ జాగాలో నిండుగా కనిపిస్తుంది. బోట్ నెక్ మెడ లోతు మూడున్నర ఉంటుంది. దానికి 16 వేస్తే గుడ్డ అంచూ ముత్యమూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. దానికి 22 బాగుంటుంది, గుడ్డ మీద హాయిగా పడుకుంటుంది. కాలర్ నెక్, హై నెక్ అయితే 32 తప్ప నాకేదీ నచ్చలేదు. దండ అంచుకి కనీసం ఒక అంగుళం పైనైనా ఉండాలి, రెండంగుళాలు కిందైనా ఉండాలి. అంచు మీద మాత్రం ఉండకూడదు.

కేటలాగుల్లో ఈ పొడవులకి పేర్లుంటాయి. 12, 13 అంగుళాలది కాలర్, 14 నుంచి 16 చోకర్, 17 నుంచి 19 ప్రిన్సెస్, 20 నుంచి 24 మాటినీ, 28 నుంచి 36 ఒపేరా, 45 దాటితే రోప్. మాటినీ, ఒపేరా అన్నవి పాశ్చాత్య దేశాల వాళ్ళు మధ్యాహ్నం ఆటకో రాత్రి సంగీత నాటకానికో వేసుకెళ్ళే గౌన్లను బట్టి వచ్చిన పేర్లు. మన పైట, మన బ్లౌజు మెడ ఆ లెక్కలో లేవు. దుకాణంలో ఆ పేర్లు వాడితే మాట త్వరగా అర్థమవుతుంది, అంతవరకే. కొనేటప్పుడు అంగుళాల్లోనే చెప్పండి. హుక్కుతో కలిపా, హుక్కు లేకుండానా అన్నది కూడా చెప్పండి.

వెళ్ళింది నేనూ మా తోడికోడలూ. కావాలనే అక్కని తీసుకెళ్ళాను, ఆవిడ మెడ 15న్నర. ఒకే దండని రెండు మెడల మీద చూడాలి కదా. ఎంజీబీఎస్‌లో బస్సు దిగి ఆటో ఎక్కితే నయాపూల్ దాటి మదీనా దగ్గర దింపాడు. అక్కడి నుంచి నడక. రెండు వైపులా ఆ రాతి కమానుల కింద వరసగా ముత్యాల దుకాణాలు, ఎదురుగా చార్‌కమాన్, దాని వెనక చార్మినార్. బయట నిలబడి "రండమ్మా, రండి" అని పిలిచే దుకాణాలు చాలా ఉన్నాయి. నేను వెళ్ళింది ఎవరూ పిలవనిది. మా అమ్మ 1988లో నా పెద్దక్క పెళ్ళికి ముత్యాలు తీసుకున్నది అక్కడే. బోర్డు చిన్నది, లోపల నలుగురు కూర్చుంటే ఐదో మనిషికి చోటుండదు. తెల్ల గుడ్డ పరిచిన పరుపు మీద చెప్పులు విడిచి కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఒక స్టూలు వేస్తారు, అది అడగాలి.

సేటు గారికి డెబ్బై దాటి ఉంటాయి. తెలుగు చక్కగా మాట్లాడతారు. ముందుగా ఏమీ చూపించలేదు, "దేనికమ్మా?" అని అడిగారు. అద్దెకివ్వడానికి అని చెప్పాను. కొందరు దుకాణదారులు ఆ మాట వినగానే చవక సరుకు తీస్తారు. ఆయన నా పురికొస ముక్కలన్నీ తీసుకుని వరసగా గుడ్డ మీద పరిచి, టేపుతో మళ్ళీ కొలిచి, "ఇలా కొలుచుకుని వచ్చేవాళ్ళు తక్కువమ్మా" అన్నారు. తర్వాత గంటన్నర పాటు ఆ పురికొసల పక్కనే ముత్యాల లైన్లు పెట్టి చూపించారు.

"బస్రా ముత్యాలు ఉన్నాయా" అని అక్క అడిగింది. సేటు గారు నవ్వారు. ఇప్పుడు బస్రా ముత్యం ఎవరి దగ్గరైనా ఉందంటే అది ముత్తాతల పెట్టెలోంచి వచ్చినదే అయ్యుండాలి అన్నారు. నిజాముల కాలంలో హైదరాబాద్‌కి వచ్చిన ఆ బస్రా ముత్యాలు పర్షియన్ గల్ఫ్ అడుగున సహజంగా పుట్టినవి. జపాన్‌లో మికిమోటో అనే ఆయన 1893లో ముత్యపు చిప్పలో మనిషి చేత్తో ముత్యాన్ని పండించాక, తర్వాతి నలభై ఏళ్ళలో ఆ గల్ఫ్ వ్యాపారం దాదాపు పడిపోయింది. ఇవాళ ఈ బజారులో మనం కొనేవాటిలో ఎక్కువ భాగం చైనా చెరువుల్లో పండించిన మంచినీటి ముత్యాలు. హైదరాబాద్‌ది ముత్యం కాదమ్మా, ముత్యాన్ని ఏరడం, జత కలపడం, రంధ్రం వెయ్యడం, గుచ్చడం, ఆ చెయ్యి హైదరాబాద్‌ది అని ఆయన చెప్పారు. అడగకపోయినా చైనా పేరు చెప్పిన దుకాణం నాకు ఇదొక్కటే కనిపించింది. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

నిజాం నగల్ని 1995లో భారత ప్రభుత్వం కొన్నది. అందులో ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఒకటుంది, సత్‌లడా అంటారు. సేటు గారి వెనక గోడకి దాని ఫొటో ఉంది. బజారు గొప్ప కోసం పెట్టుకున్నారనుకున్నాను. తర్వాత పేటల పొడవు గురించి మాట్లాడేటప్పుడు ఆయన దాన్నే చూపించి నాకు పాఠం చెప్పారు. ఆ మాట కింద చెబుతాను.

అద్దె సరుక్కి మంచినీటి ముత్యమే ఎందుకు మంచిదో కూడా ఆయన దగ్గరే స్పష్టమైంది. జపాన్ అకోయా లాంటి సముద్రపు ముత్యాల్లో లోపల చిప్పతో చేసిన గుండు పెడతారు, దాని మీద ముత్యపు పొర పలచగా పేరుకుంటుంది. మెరుపు చాలా బాగుంటుంది, కానీ పొర అరిగితే లోపలి గుండు కనిపిస్తుంది. మంచినీటి ముత్యాల్లో ఎక్కువ వాటికి ఆ గుండు ఉండదు, నడిమి దాకా ముత్యమే. పది మెడలు మారే దండకి అదే నయం. ఆస్ట్రేలియా సౌత్ సీ ముత్యాలు ఒక పెట్టెలో చూపించారు, 12 మిల్లీమీటర్లవి. చూసి దండం పెట్టి తిరిగి ఇచ్చేశాను, అవి నా షాపుకి అందేవి కావు.

అసలా నకిలీనా అన్న పరీక్ష గురించి ఒక్క మాట. బజారులో కొందరు లైటర్ వెలిగించి ముత్యాన్ని మంటలో పెట్టి "చూడండి కాలలేదు" అంటారు. ప్లాస్టిక్ అయితే కరుగుతుంది నిజమే, గాజుపూస కూడా కాలదు మరి. ఆ పరీక్ష చూసి మోసపోవద్దు. రెండు ముత్యాల్ని మెల్లగా ఒకదానికొకటి రాస్తే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడాలి. గాజూ ప్లాస్టిక్కూ నున్నగా జారిపోతాయి. పైగా అసలు ముత్యాలు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. లైను మొత్తం అచ్చు గుద్దినట్టు ఉంటే అనుమానించాల్సిందే.

ఇక ఆ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది గుచ్చే చాచా. సేటు గారి పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుంటారు. నలభై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గరేనట. బజారుకి వచ్చే ముత్యాల లైను తాత్కాలికంగా దారానికి ఎక్కించి ఉంటుంది, సుమారు 16 అంగుళాలు. దాన్ని మెడలో పెట్టుకుని చూసి "సరిపోయింది" అనుకుంటాం. కానీ పట్టుదారంతో గుచ్చి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తే అదే లైను అంగుళం పైగా పెరుగుతుంది. హుక్కుకి ఇంకో అర అంగుళం. అంటే 16 అనుకుని కొన్నది 18కి దగ్గరవుతుంది. నాకు 18 కావలసినప్పుడు లైను మొత్తం వాడారు. 16 కావలసిన దానికి ఏడు ముత్యాలు తీసేశారు. తీసినవి కాగితంలో చుట్టి నా చేతికే ఇచ్చారు, నేను అడగకముందే.

ముడులు వెయ్యడానికి టైం పడుతుంది. నాకు బస్సు టెన్షన్ ఉందని గడియారం చూస్తుంటే చాచా తలెత్తకుండానే "జల్దీ మత్ కరో బేటీ" (తొందరపెట్టకు తల్లీ) అన్నారు. ప్రతి ముడీ ముత్యానికి ఆనుకుని పడాలి. వదులైతే ముత్యాలు కదిలి దారాన్ని కోస్తాయి, మరీ బిగిస్తే దండ కర్రలా నిలబడి మెడ మీద ఒదగదు. ముడులున్న దండ తెగినా ఒక్క ముత్యమే కింద పడుతుంది. కల్యాణ మండపంలో, కుర్చీల కింద, పూలరేకుల మధ్య 58 ముత్యాల్ని వెతుక్కునే పరిస్థితి రాకూడదు నాకు. ముడులు లేకుండా గుచ్చితే కొంచెం తక్కువ తీసుకుంటారు. ఆ తగ్గింపు మాత్రం వద్దు.

ముత్యం లావు కూడా పొడవుని తినేస్తుంది. ఇది నేను అక్కడే నేర్చుకున్నాను. 5 మిల్లీమీటర్ల ముత్యాలతో 18 అంగుళాల దండ, 10 మిల్లీమీటర్లతో 18 అంగుళాల దండ రెండూ అక్క మెడలో వేసి చూశాం. టేపుకి రెండూ ఒకటే. మెడలో మాత్రం లావు ముత్యాలది బిగువుగా, పైకి ఉంది. మెడను తాకేది దండ లోపలి అంచు. ముత్యం లావైన కొద్దీ ఆ లోపలి చుట్టు తగ్గుతుంది. 5కీ 10కీ మధ్య తేడా లోపలి చుట్టులో అర అంగుళం పైనే వస్తుంది. లావు మెడవాళ్ళు లావు ముత్యాలు కొంటే ఒక అంగుళం ఎక్కువే చెప్పుకోవాలి.

ఆరు దండల్లో రెండు 18 అంగుళాలవే, ఒంటి పేట, 7 మిల్లీమీటర్లవి. ఒకటి తెలుపు, ఒకటి లేత గులాబీ. నా దగ్గర ఎక్కువ అద్దెకి పోయేది ఇదే అవుతుందని ముందే అనుకున్నాను. 16 అంగుళాలది ఒకటి, 6న్నర మిల్లీమీటర్లది. ఇది సన్నటి పిల్లలకి, ఓణీల ఫంక్షన్లకి. అక్క మెడకి ఇది పట్టేసింది. అందుకని వెనక కలుపుకునే రెండంగుళాల గొలుసు ముక్కలు రెండు తీసుకున్నాను. అద్దెకిచ్చే వాళ్ళు, ఇంట్లో ముగ్గురు వేసుకునే వాళ్ళు ఆ గొలుసు ముక్క తప్పకుండా అడిగి తీసుకోండి. చిన్న వస్తువే, ఒక దండని రెండు దండలు చేస్తుంది.

మూడు పేటల చోకర్ ఒకటి చేయించాను, 4 మిల్లీమీటర్ల చిన్న ముత్యాలు, మధ్య మధ్య మూడు పేటల్నీ కలిపి పట్టే నిలువు బద్దలు, వెనక డోరీ. ముత్యాల భాగం 13 అంగుళాలు, మిగతాది డోరీ సర్దుకుంటుంది. నేనైతే పేట పేటకీ పొడవు పెంచాలేమో అనుకున్నాను. అప్పుడే సేటు గారు గోడ మీది సత్‌లడా ఫొటో చూపించారు. బద్దలున్న చోకర్ మెడ చుట్టూ నిటారుగా నిలబడుతుంది కాబట్టి మూడు పేటలూ ఒకే పొడవు ఉండాలి. వదులుగా జారే హారంలో మాత్రం ప్రతి కింది పేటా పైదానికంటే పొడవుండాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కి మెలిపడతాయి. అందుకే నా రెండు పేటల హారం పై పేట 22, కింది పేట 23 చేయించారు. దానికి ఒక లాకెట్ కూడా. ఇది బోట్ నెక్ వాళ్ళ కోసం. 6 మిల్లీమీటర్ల ముత్యాలకి ఆ ఒక్క అంగుళం తేడా సరిగ్గా సరిపోయింది. మధ్యలో సన్నటి సందు, అంతే.

ఆఖరిది 32 అంగుళాలది, రెండు లైన్లు కలిపి గుచ్చినది. నా మనసుకి బాగా దగ్గరైనది ఇదే. తల మీది నుంచి వేసుకోవచ్చు కదా, హుక్కు ఎందుకు, ఆ డబ్బు మిగులుతుందని నేను వద్దన్నాను. చాచా ఒప్పుకోలేదు. హుక్కు ఉంటే రెండు చుట్లు వేసుకోవచ్చు అని నా మెడలోనే చుట్టి చూపించారు. రెండు చుట్లకి ఒక్కోటి 16 అంగుళాలు వస్తుంది, అది తల మీది నుంచి దిగదు, హుక్కు తీసి చుట్టాల్సిందే. ఇప్పుడు అదే దండ హై నెక్‌కి పొడవాటి హారం, లోతు మెడకి రెండు పేటల దండ. 45 అంగుళాల రోప్ కూడా చూశాను, అందంగా ఉంది. కానీ చీర మీద అది పైట పిన్నుకి తగులుకుంటుంది, వంగి పెద్దల కాళ్ళకి దండం పెట్టినప్పుడు నేలకి తగులుతుంది. తీసుకోలేదు. డ్రెస్సుల మీద వేసుకునే వాళ్ళకి అది వేరే సంగతి.

గుట్టపూసల హారం ఈ కొలతల్లోకి రాదు. దాని బరువూ పనీ బంగారంలో ఉంటాయి, చిన్న ముత్యాల గుత్తులు అంచుకి వేలాడతాయి. అది తర్వాతెప్పుడైనా.

బిల్లు చెబుతాను. మూడు పేటల చోకర్ 5,800, 16 అంగుళాలది 3,200, 18 అంగుళాలవి ఒక్కోటి 3,900, రెండు పేటల హారం లాకెట్‌తో 6,400, 32 అంగుళాలది 7,200. మొత్తం 30,400 రూపాయలు. 3 శాతం జీఎస్టీ 912 కలిపి 31,312. గుచ్చడం, బంగారు పూత వేసిన వెండి హుక్కులు, గొలుసు ముక్కలు అందులోనే. పక్కా బిల్లు అడగకుండానే ఇచ్చారు, దాని మీద ప్రతి దండకీ పొడవూ ముత్యం సైజూ చేత్తో రాసి ఇచ్చారు. బేరం పెద్దగా ఆడనివ్వరు. నేను రెండు వేలు తగ్గించమంటే మొత్తం మీద 600 తగ్గించారు, పైన రాసినవి తగ్గించాక వచ్చిన ధరలే.

బాగాలేనివి కూడా ఉన్నాయి. దుకాణంలో చేతి అద్దం ఒక్కటే ఉంది. 32 అంగుళాల దండ ఎక్కడి దాకా వచ్చిందో ఆ అద్దంలో కనపడదు, అక్క ఎదురుగా నిలబడి చెప్పాల్సి వచ్చింది. పొడవులు అమ్మే చోట నిలువుటద్దం లేకపోవడం పెద్ద లోపమే, సేటు గారికి ఆ మాట చెప్పాను కూడా. లోపలి లైట్లు పసుపు రంగువి. ఆ వెలుగులో తెలుపు, మీగడ రంగు ఒకేలా కనిపిస్తాయి. నేను ప్రతి లైనునీ కమాను బయటికి, పగటి వెలుగులోకి తీసుకెళ్ళి చూశాను. వాళ్ళు వద్దనలేదు కానీ వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు. లేత గులాబీ అనుకుని తీసిన మొదటి లైను ఎండలోకి వచ్చాక పసుపుకి తిరిగింది, మార్పించుకున్నాను. సాయంత్రం నాలుగు దాటితే వెళ్ళకండి. జనం పెరుగుతారు, వెలుగు తగ్గుతుంది, చాచా చెయ్యీ అలసిపోతుంది. కార్లో వెళ్ళే వాళ్ళకి బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు.

ఇప్పటికి మూడు నెలలైంది. 18 అంగుళాల దండలు రెండూ కలిపి 14 సార్లు అద్దెకి వెళ్ళాయి. 32ది తొమ్మిది సార్లు, అందులో ఆరు సార్లు రెండు చుట్లుగానే. చోకర్ ఐదు. 16ది మాత్రం రెండే సార్లు, అది ఒక ఫంక్షన్ సీజన్ కోసం ఎదురుచూస్తోంది. 22 అంగుళాల హారం లాకెట్ కొక్కెం నెల తిరక్కుండానే వదులైంది. కొరియర్‌లో పంపితే డబ్బు తీసుకోకుండా బాగుచేసి పంపారు, పన్నెండు రోజులు పట్టింది. ఆ మధ్యలో ఒక పెళ్ళికి ఇవ్వలేకపోయాను. అది నాకు బాధనిపించింది.

తీసుకెళ్ళే ప్రతివాళ్ళకీ ఒక చీటీ ఇస్తున్నాను. సెంటు, పౌడరు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాకే ముత్యాలు వేసుకోండి. తిరిగి తీసేటప్పుడు మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. కొక్కేనికి వేలాడదీయకండి, దారం సాగుతుంది, పరిచి పెట్టండి. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ తగలనివ్వకండి, ముత్యం కాల్షియం కార్బొనేట్, పులుపుకి కరుగుతుంది. మా వాళ్ళలో కొందరికి నగలన్నీ చింతపండుతో తోమే అలవాటు ఉంది, అందుకే ఆ మాట కింద గీత గీసి మరీ రాశాను.

కాగితంలో చుట్టి ఇచ్చిన ముత్యాలు మొత్తం 19 మిగిలాయి, 16 దండవి ఏడు, 32 దండవి పన్నెండు. అన్నీ రంధ్రం పూర్తిగా వేసినవే కాబట్టి దుద్దులకి పనికిరావు, వేలాడే వాటికైతే బాగుంటాయి. ఎనిమిదింటితో రెండు జతల బుట్టకమ్మలకి కింద వేలాడదీయించాను. పదకొండు నా దగ్గర ఉన్నాయి. శ్రావణంలో మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి 20 అంగుళాలది ఒకటి గుచ్చించడానికి. మొన్న వచ్చిన మేడమ్ బ్లౌజు మెడ లోతు 4 అంగుళాలు. 16, 18, 22 మూడూ పెట్టి చూశాం. 16 అంచుకి మరీ దగ్గరగా ఉంది, 18 అంచు దాటి అర అంగుళమే దిగింది, 22 ఆవిడకి మరీ కిందనిపించింది. 20 పురికొస ముక్క వేసి చూస్తే అది అంచుకి ఒకటిన్నర అంగుళం కిందికి వచ్చి ఆగింది. ఇంకో అర అంగుళం ఉంటే బాగుండేది, అందుకే గొలుసు ముక్క కూడా కలిపి 21 దాకా వచ్చేలా చేయించాలి. ఆ పురికొస ముక్కని కొలతల పుస్తకంలోనే పెట్టుకున్నాను.